లోపముంటే ఫోన్ చెయ్యండి

“పెద్దమ్మా, ఇలాగే కంప్లయింట్లు వస్తుంటే మన షాపు తీసేస్తారంట!”

కాకినాడ నుంచి దివ్య పొద్దున్నే ఫోనులో మొదలుపెట్టింది. ప్రసన్నకుమారి అల్లుతున్న లేసుని ఒళ్లో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లలా వింది.

ఆన్‌లైన్ షాపు పెట్టించింది దివ్యే. భర్త ఏసుపాదం మాస్టారు పోయి రెండేళ్లయినా పెద్దమ్మ నగరం అనే ఆ పల్లెటూరు వదిలి రానంటుంది. పిల్లల్లేరు. కాలక్షేపంగా ఉంటుందని చెల్లెలి కూతురు ఈ పని అంటగట్టింది. చంటిపిల్లల గౌన్లు, వాటికి చేత్తో అల్లిన లేసు అంచులు, అంబాజీపేట నుంచి తెప్పించిన కొబ్బరి చిప్పలు అరగదీసి చేసే జుంకాలు, గొలుసులు. ఆవిడ పనితనానికి వంక పెట్టేవాళ్లు లేరు. ఫోటోలో చూసి ముచ్చటపడి కొంటారు. పార్సిలు విప్పాకే వస్తుంది తంటా.

గౌనుకి ఆరు గుండీలు ఉండాల్సిన చోట ఐదే ఉంటాయి. జుంకాల జతలో ఒకదానికి పూస ఉండదు. గొలుసంతా బ్రహ్మాండంగా ఉండి కొక్కెం ఉండదు.

ప్రతి పార్సిల్లోనూ ఆవిడ గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ రాసి పెడుతుంది. ‘ఏ లోపమున్నా ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి.’ చేస్తారు మరి, ఊరుకుంటారా!

మొన్నటికి మొన్న నిజామాబాదు నుంచి శ్రీదుర్గ అనే అమ్మాయి చేసింది.

“ఏంటండీ ఇది? జుంకాకి పూసే లేదు. మా చెల్లి నిశ్చితార్థానికి పెట్టుకుందామనుకున్నా.”

“అయ్యయ్యో, తప్పయిపోయిందమ్మా. పూస ఇవాళే పంపించేస్తాను. పెళ్లికొడుకుది ఏ ఊరమ్మా?”

అంతే. చిరాకు కాస్తా చల్లారింది. పెళ్లికొడుకు ఊరితో మొదలై, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల మీదుగా, పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలన్న దగ్గర తేలేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ పూట ప్రసన్నకుమారి రెండు ముద్దలు ఎక్కువే తింది. పూస కూడా అన్న మాట ప్రకారం సాయంత్రానికల్లా కొరియర్లో వెళ్లిపోయింది.

కబుర్లకి కరగని కోపం ఉండదు గానీ, స్టార్ల దగ్గర ఈ కబుర్లు చెల్లవు. ఐదింటికి రెండున్నర స్టార్ల దగ్గర షాపు చతికిలబడింది.

“నీకు కళ్లు ఆనట్లేదు,” అని తేల్చేసింది దివ్య. ఆ శనివారమే వచ్చి, అమలాపురం తీసుకెళ్లి కొత్త కళ్లద్దాలు చేయించింది.

“ఇకమీదట ప్యాక్ చేసేముందు వీడియో కాల్ చెయ్యి, నేను లెక్కపెడతాను. మళ్లీ తేడా వచ్చిందా, షాపు నేనే మూసేస్తాను. ముందే చెబుతున్నా.”

“సరేనే తల్లీ.”

కళ్లద్దాల మహిమో, వీడియో మహిమో, గుండీలు ఆరంటే ఆరే ఉన్నాయి. నెల తిరిగేసరికి స్టార్లు నాలుగున్నరకి ఎగబాకాయి. వారానికి రెండు ఆర్డర్లు వచ్చే చోట రోజుకి నాలుగు. దివ్య సంబరానికి పట్టపగ్గాల్లేవు.

“చూశావా పెద్దమ్మా! ఒక్క కంప్లయింటన్నా వచ్చిందా?”

“లేదమ్మా,” అంది ప్రసన్నకుమారి. “ఒక్క ఫోనూ లేదు.”

నిజంగానే లేదు. వస్తువు బాగుంటే ఎవరు మాత్రం ఎందుకు చేస్తారు? ఐదు స్టార్లు నొక్కి ఎవరి పనిలో వాళ్లు పడతారు. దివ్య కాల్ కూడా గుండీలు లెక్కపెట్టేంత సేపే. ఆదివారం చర్చిలో వందనాలు చెప్పినవాళ్లు గుమ్మం దాటగానే బళ్లెక్కేస్తారు. ఆవిడ మాస్టారి కుర్చీ వైపు తిరిగి ఏదో చెప్పబోయి, నాలిక్కరుచుకునేది. ఇంత ఒంటరితనం ఆయన పోయిన కొత్తలో కూడా లేదనిపించింది.

ఒకరోజు పార్సిళ్ల కోసం వచ్చిన కొరియర్ నాగసతీష్‌ని ఆపింది.

“బాబూ, ఓసారి నా నంబరుకి ఫోన్ చెయ్యి. మోగుతుందో లేదో చూద్దాం.”

“ఆయ్, అలాగేనండి.”

ఆవిడ చేతిలో ఫోన్ గణగణా మోగింది.

“బానే మోగుతుందండి. ఎవరన్నా చేస్తామన్నారాండి?”

“అబ్బే, ఎవరూ లేరు,” అంది ఆవిడ. ఫోన్ మాత్రం వెంటనే కట్టెయ్యలేదు. దానంతటది ఆగిపోయేదాకా మోగనిచ్చింది.

మర్నాడు దివ్య ఫోన్ చేసింది.

“ఇక వీడియో అక్కర్లేదు పెద్దమ్మా. నీ చెయ్యి కుదురుకుంది. నాకూ ఆఫీసులో తెమలటంలేదు. నువ్వే చూసుకుని పంపించెయ్యి, ఏం?”

ఆ మధ్యాహ్నమే ఆదోని నుంచి సుభాషిణి అనే ఆవిడ ఆర్డరు వచ్చింది. మొదటి పుట్టినరోజు గౌను. అడ్రసు కింద ఓ ముక్క రాసి ఉంది. ‘మా పాప పెళ్లయిన పదేళ్లకి పుట్టిందండీ. అందంగా కుట్టండి.’

ప్రసన్నకుమారి ఆ ముక్క నాలుగుసార్లు చదువుకుంది. పాప పేరేమిటో! ఎవరి పోలికో! అడుగులేస్తోందో లేదో!

రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా కుట్టింది. మెడ చుట్టూ మల్లెమొగ్గల లేసు. వీపు మీద కొబ్బరి చిప్ప గుండీలు. కొత్త కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. సరిగ్గా ఆరు. చీటీ రాసి గౌను మడత మీద పెట్టింది. వీధి మలుపులో నాగసతీష్ బండి హారన్ వినపడింది.

ప్రసన్నకుమారి గబగబా కత్తెర తీసి ఆరో గుండీ దారం తెంపి, గుండీని చిన్న కాగితంలో చుట్టి, మీద ‘ఆదోని సుభాషిణి’ అని రాసి, ఇంకా ఫోన్ చెయ్యనివాళ్ల గుండీలూ పూసలూ కొక్కేలూ దాచిన డబ్బాలో వేసి, పార్సిలుకి టేపు అంటించింది.