కొంగ వెనక తీగలు

"పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మహారాణికి పిట్టలు కావాలి!" అంటూ మా ఆయన నా జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టాడు.

కనుబొమ్మ చిట్లింది. కంప్యూటర్ తెర మీద కొంగ మాత్రం నింపాదిగా నిలబడి ఉంది. పిట్టల ఫోటోల్లోంచి కరెంటు తీగలూ, కిటికీ ఊచలూ చెరిపేసి, తెల్లకాగితం మీద సిరాతో గీసిన జపాను బొమ్మల్లా మార్చడం నా పని.

"ఆ బొమ్మలే తిని బతుకు!" కుర్చీని ఒక్క తన్ను తన్ని ఆయన పెరట్లోకి వెళ్ళాడు.

బల్ల కింద నుంచి పాప బయటికొచ్చింది. ఏడవలేదు. నా ఫోను అందుకుని నా ముఖాన్ని ఫోటో తీసింది.

"ఏంటే ఇది?"

"ఆదివారం కదా, మామయ్యకి పంపాలిగా. రక్తం నేను చెరిపేస్తానమ్మా. నాకూ వచ్చేసింది, చూడు!"

అన్నయ్యకు పంపే ఫోటోల్లో నా ముఖం మీది కమిలిన మచ్చలు ఎలా మాయమవుతాయో అది పక్కనే కూర్చుని నేర్చేసుకుంది.

దాని చిట్టివేలు పట్టుకుని ఆపాను. "వద్దు తల్లీ. ఇందులో ఏదీ చెరపొద్దు."

ఉన్నదున్నట్టు పంపి, గది గడియ పెట్టాను. ఆయన తిరిగొచ్చి తలుపు తన్నుతుండగా ఫోను మోగింది.

"ఆ చప్పుడు వినపడుతోంది అమ్మలూ," అన్నాడు అన్నయ్య. "తలుపు తియ్యకు. బయల్దేరాను."