శేషమ్మ గారి గ్లాసు

"రేపు ఈపాటికి నాకు గొంతుండదు. కూర్చో."

అన్నారు అవధాని గారు. ఫణి చాప పరుచుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆయన గొంతులో రాచపుండు. రేపు గుంటూరులో ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తామని డాక్టర్లు తేల్చి చెప్పేశారు. ఫణికి మిగిలింది ఒకే ఒక్క అధ్యాయం. అది చెప్పగల గురువు చుట్టుపక్కల మరొకరు లేరు. అది ఇవాళ నోటికి ఎక్కకపోతే ఎనిమిదేళ్ల వేదం చదువు అక్కడితో ఆగినట్టే.

"ఫోన్లో రికార్డు చేసుకోనాండీ?" అన్నాడు భయంభయంగా.

"ఫోను వింటుంది. నువ్వు తప్పు చెబితే ఆపుతుందిరా?"

ఆపే మనిషి లోపలి గదిలో ఉంది. గురువు ఒకసారి చెప్పాలి, శిష్యుడు రెండుసార్లు అనాలి. ఎక్కడ స్వరం తప్పినా ఆ గదిలోంచి ఠంగుమని చప్పుడొచ్చేది. అది అవధాని గారి భార్య శేషమ్మ గారి ఇత్తడి గ్లాసు. చెంచాతో కొట్టేది. ఆవిడేం వేదం చదువుకోలేదు. యాభై ఏళ్లు వంటింట్లోంచి వింది, అంతే. ఆయన చెవులు కాస్త మందగించి స్వరంలో తేడాలు అందకపోయాక తప్పులు పట్టే పని ఆవిడదే అయింది. నాలుగేళ్ల కిందట పక్షవాతంతో మంచాన పడినా కుడిచెయ్యి ఆ చెంచాను వదల్లేదు.

ఆవిణ్ణి చూసుకునేది పేటలో ఉండే దేవకుమారి. మంచం పక్కనే చేట పెట్టుకుని మిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చునేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ దేవకుమారే. ఒకసారి వాకిట్లో ఫణిని ఆపింది.

"ఇందాక రెండోసారి అన్నప్పుడు ఆ మాట కిందకి దిగిందండీ."

"నీకేం తెలుసు?" అని నవ్వాడు ఫణి.

"నాకేం తెలవదండీ. పంతులుగారు అన్నట్టు లేదు, అంతే."

ఇక అవధాని గారి సంగతి. నిప్పులు కడిగే మనిషి. ఊళ్లో శవం ఉంటే వేదం పలకకూడదు. ఆ శవం లేచేదాకా ఆయన నోరు విప్పరు. పేటలో క్రీస్తుదాసు పోయినా అంతే, మసీదు వీధిలో హుస్సేన్ సాహెబ్ పోయినా అంతే. ఒకసారి చిలకలూరిపేట రోడ్డు మీద పత్తి లారీ బోల్తాపడి, ముక్కూమొహం తెలియని క్లీనరు చనిపోతే పాఠం సగంలో ఆపేశారు. "శవానికి కులమేంటిరా, లే" అన్నారు.

పోయిన నెల ధర్మార్థకామమోక్షాల గురించి చెబుతూ, "ధర్మం ముందు. మిగతా మూడూ దాని వెనకాల నడవాలి" అన్నారు.

లోపల్నుంచి శేషమ్మ గారి ముద్దమాట వినపడింది. "నాకున్న కామం ఒక్కటేనండీ. ఈ అబ్బాయి చివరిదాకా చదవాలి. నాకోసం ఒక్కరోజు ధర్మాన్ని వెనక్కి నడిపిస్తారా?"

"నడిపించను."

గ్లాసు ఠంగుమంది. ఫణికి నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఇవాళ ఆ గది తలుపు వేసి ఉంది. తలుపు కింద సందులోంచి దీపం వెలుగు కనిపిస్తోంది. ఆపరేషన్ సవ్యంగా జరగాలని మొక్కుకుని ఉంటుందిలే అనుకున్నాడు ఫణి. ఇంట్లో కాఫీ వాసన లేదు. పొయ్యి వెలిగించినట్టు లేదు.

"ఖాళీ కడుపుతో ఉండమన్నారు" అన్నారు అవధాని గారు, అడక్కుండానే.

"అమ్మగారికి ఎలా ఉందండీ?"

"వింటోంది. చదువు."

మొదలుపెట్టారు. రంపం కోసినట్టున్న గొంతుతో ఆయన ఒకసారి, ఫణి రెండుసార్లు. నాలుగో వాక్యంలో ఫణి తడబడ్డాడు. ఠంగుమంది. సరిదిద్దుకున్నాడు. ఇంకో చోట తాను తప్పినట్టు తనకే తెలియలేదు. గ్లాసుకి తెలిసింది. ఇవాళ ఆ చప్పుడు కాస్త ఆలస్యంగా వస్తోంది. మోగిన ప్రతిసారీ అవధాని గారు కళ్లు గట్టిగా మూసుకుంటున్నారు.

లోపల ఎవరో ముక్కు చీదారు. మిరపకాయల ఘాటు అయి ఉంటుంది.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆయన ఉత్తరీయం మీద నెత్తుటి చుక్కలు పడ్డాయి. ఫణి భయపడి, "మంచినీళ్లు తెస్తానండీ" అని లేవబోయాడు.

"కదలకు. ఆ తలుపు తీయకు. పూర్తయ్యాకే ఏదైనా."

ఆ గొంతులో అంత బతిమాలుకోవడం ఫణి ఎన్నడూ వినలేదు. మళ్లీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు చివరి వాక్యం చెప్పారు. ఫణి ఒకసారి అన్నాడు. రెండోసారీ అన్నాడు. ఇద్దరూ తలుపు వైపు చూశారు. లోపల ఏ చప్పుడూ లేదు.

"మోగిందా?"

"లేదండీ. తప్పు రాలేదు."

అవధాని గారు గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చారు. పోబోతున్న గొంతు కోసమేనని ఫణికీ ఏడుపొచ్చింది. కాసేపటికి ఆయన తేరుకున్నారు.

"లోపలికెళ్లి మీ అమ్మగారికి దణ్ణం పెట్టుకో. చదువు పూర్తయిందని చెప్పు. ఇంటికెళ్లే ముందు బావి దగ్గర తలస్నానం చేసి వెళ్లు."

ఈ వేళప్పుడు తలస్నానం ఏమిటో అర్థం కాక ఫణి తలుపు తోశాడు.

శేషమ్మ గారిని తెల్లవారుజామునే మంచం దించి నేల మీద పడుకోబెట్టినట్టున్నారు, తల దగ్గర దీపం కొడిగడుతోంది, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టి ఉన్నాయి, గ్లాసూ చెంచా దేవకుమారి చేతిలో ఉన్నాయి.