తలుపు మీద ఏనుగు

తెలంగాణ వచ్చిందని దంతాలపల్లి బజారుల పటాకులు కాలుస్తున్నరు. తొర్రూరు నుంచి వచ్చిన సంజీవ మాత్రం రుక్మిణవ్వ ఇంట్ల వాకిలి తలుపు దిక్కే చూసుకుంట నిలబడ్డడు.

ఎనకట చాక్లెట్ కంపెనోళ్లు చాక్లెట్ కాగితాలల్ల పెట్టిచ్చిన ఒక కార్టూన్ సినిమా స్టిక్కర్లు జమ చేసుడు ఆయనకు పిచ్చి. గా సినిమాల జంతువులన్నీ ఆ తలుపు లోపలి దిక్కు వరుసగ అంటిచ్చి ఉన్నయి. ఏనుగు ఒక్కటే లేదు. దాని జాగల చాక్‌పీసు గీత గీసి ఉన్నది.

"అవ్వా, గీ తలుపు నాకియ్యి. కొత్త టేకు తలుపు పెట్టిస్త."

"ఇయ్య బిడ్డా. అవి నా కొడుకు అంటిచ్చినయి. వాడు ఉద్యమమని పట్నం పోయిన కాన్నుంచి గా తలుపుకు గొళ్లెం సుత పెడ్తలే." నీళ్లు తెస్తనని ఆమె వంటింట్లకు పోయింది.

తలుపు ఇయ్యకపోతే మాయె, అవ్వ సంబురపడుతదని సంజీవ జేబులున్న ఏనుగు స్టిక్కరు తీసి గా ఖాళీల అంటిచ్చిండు.

చెంబుతోని వచ్చిన రుక్మిణవ్వ ఏనుగును చూసింది. చెంబు కింద పెట్టి గోటితోని గీకింది. తొండం చినిగింది గాని ఏనుగు ఊడలే.

"తెలంగాణ తెచ్చినంక నేనే వచ్చి అంటిస్త, గా జాగ ముట్టకు అమ్మా అన్నడు నా కొడుకు," అన్నది మెల్లగ. "ఇగ వాడెందుకొస్తడు బిడ్డా?"

సంజీవ బయటికొచ్చిండు. బజారుల డప్పులు దద్దరిల్లుతున్నయి. గంత మోతల సుత, ఎనక గా తలుపుకు గొళ్లెం పడ్డ చప్పుడు ఆయనకు ఇనబడ్డది.