ఇద్దరికీ సెలవు

“ఒంటిచేత్తోనైనా లేబుళ్లు అంటిస్తానక్కా. నాకు సెలవొద్దు,” అంది మారివిక్.

లిగాయా నవ్వింది. కెనడాలో, మానిటోబా రాష్ట్రంలోని పంది మాంసం ఫ్యాక్టరీలో కోత విభాగానికి ఆమె సూపర్‌వైజరు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పిల్లలందరికీ పెద్దక్క. మారివిక్ కుడి మణికట్టుకి కొత్త పిండికట్టు ఉంది. మెట్ల మీద మంచుకి జారిపడిందట.

“పిచ్చిదానా, మానిటోబాలో చట్టం మారిందే. నయమయ్యేదాకా ఇంట్లో ఉండు. తిరిగొచ్చాక నీ చోటు నీదే. ఎవడూ పీకలేడు.”

“నాకు భయంగా ఉందక్కా.”

“ఇంకా ఎందుకే భయం? మా అమ్మ పోయిందని సెలవడిగితే నా ఉద్యోగం ఊడబెరికారు. ఆ రోజులు పోయాయి.”

తల్లి శవపేటికని ఫోన్లో చూసుకుని ఏడ్చిన మనిషి లిగాయా. ఈ చట్టం కోసం ఎముకలు కొరికే చలిలో యూనియన్ జెండా పట్టుకుని నిలబడింది. తీరా చేతికందాక, వచ్చే లక్ష్మికి మోకాలడ్డినట్టు వీళ్లే వద్దంటుంటే ఒళ్లు మండదూ? మారివిక్ మరీనూ. మొగుడు ఆర్నెల్‌ది రాత్రి షిఫ్టు, తనది పగలు. ఆపైన ఓవర్‌టైమ్ అంటే అందరికంటే ముందు చెయ్యెత్తుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎన్నాళ్లైందో పాపం.

“ఇంట్లో ఒక్కదాన్నీ ఎలా అని బెంగా? దానికీ దారి చూశాలే. బాగోలేనివాళ్లని చూసుకోడానికి ఇంట్లోవాళ్లకీ సెలవుంది. ఆర్నెల్‌తో మాట్లాడాను.”

మారివిక్ మొహం పాలిపోయింది. “వద్దక్కా, నీకు దండం పెడతా.”

“నోర్ముయ్. అన్నీ నువ్వే మొయ్యాలా?”

గేటు బయట ఆర్నెల్ కారు వేడిచేసి ఉంచాడు. ఫ్లాస్కులో అల్లం వేసిన కోడి గంజి కూడా తెచ్చాడు. తమ దేశంలో పెద్దలకి దండం పెట్టే పద్ధతిలో, లిగాయా చెయ్యి అందుకుని వంగి నుదుటికి ఆనించుకున్నాడు.

“మీ మేలు మర్చిపోనక్కా. ఇక నేను చూసుకుంటాగా.”

పెళ్లాం కోటు గుండీలు తనే పెట్టాడు. సీటుబెల్టు తనే బిగించాడు. ఇలాంటి మొగుడు దొరకాలంటే రాసిపెట్టుండాలి అనుకుంటూ, కారు మలుపు తిరిగేదాకా లిగాయా చెయ్యూపుతూనే ఉంది.

ఆ మణికట్టు విరిచింది అతనే.