కుంగిన బండి

“ఆ బండికేమన్నా అయితే మీ నాన్న నిన్నే చావగొడతాడు. దూరంగా ఉండరా,” అంది నోరీన్, గరాజు గుమ్మంలోంచి.

కర్టిస్ వినలేదు. “అడ్డ కమ్మీలు వెల్డింగ్ చెయ్యకుండా కారు అడుగు రేకు కొయ్యకు నాన్నా. టాపు లేని బండి, మధ్యకి కుంగిపోద్ది.”

“నాకు నేర్పడానికొచ్చాడండీ మొనగాడు,” అంటూ రోలండ్ తుప్పుపట్టిన ఆ రేకును చివరిదాకా కోసేశాడు.

పాత మస్టాంగ్ కారు కీచుమంటూ నడుం దగ్గర కుంగింది. తలుపులు బిగుసుకుపోయాయి.

“నీ పాడునోరే దీన్ని విరగ్గొట్టింది.” రోలండ్ కొడుకు చెంప పగలగొట్టాడు. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. ఎప్పటిలాగే నోరీన్ అడ్డం వెళ్లింది. మూడో దెబ్బ ఆమె చెవిమీద పడింది.

కర్టిస్ తండ్రిని గోడకు అదిమిపట్టి సుత్తి ఎత్తాడు. ఇన్నేళ్లూ కొడుకు చస్తాడేమోనని వణికిన నోరీన్‌కు, వాడే చంపేస్తాడేమోనని మొదటిసారి భయం వేసింది.

“కింద పెట్టెయ్‌రా కన్నా, నీకు పుణ్యముంటుంది,” అంది.

“పెట్టేస్తే రేపు కూడా ఈయన మనింట్లోనే ఉంటాడా అమ్మా?”

రోలండ్ ఆమె వంకే చూస్తున్నాడు. కర్టిస్ గడ్డం మీంచి నెత్తురు కారుతోంది. ఎత్తిన సుత్తి ఇంకా దించలేదు.

“ఉండడు,” అంది నోరీన్.