గీత పడని బండి

భూమేశ్ కొత్త కారు మీద మళ్ళీ గీత పడింది.

ఈసారి బోనెట్ మీద. వెంట్రుకంత సన్నగా, వంకరగా, తెల్లగా. కారు నల్లది కావడంతో గీతకు దాక్కునే చోటు కూడా లేదు. భూమేశ్ వాకిట్లోనే కూలబడ్డాడు. ఇంట్లోంచి శవం లేచినా ఆ మొహం పెట్టేవాడు కాదేమో.

కథలాపూర్‌లో ఎరువుల దుకాణం అతనిది. కారు కొన్న మరునాడే కోరుట్ల తీసుకెళ్ళి రంగు మీద గీతలు పడకుండా సిరామిక్ కోటింగ్ వేయించాడు. కోటింగ్ సెంటర్ మహిపాల్ మామూలు మాటకారి కాదు. కోటింగ్ వేసిన పాత డోర్ ఒకటి ముందు పెట్టి, తాళంచెవితో బరబరా గీకి చూపించాడు.

"సూడన్నా, పడ్డదా గీత? అద్దం లెక్క గట్టిగుంటది. ఇగ నీ బండి మీద గీత పడ్డదంటే ఎవడో పగబట్టి గీసినట్టే!"

ఆ మాట భూమేశ్ బుర్రకు కోటింగ్ కన్నా గట్టిగా అతుక్కుంది.

వారం దాకా నీళ్ళు తగలొద్దన్నాడు మహిపాల్. భూమేశ్ ఆ వారాన్ని జీవితాంతానికి పొడిగించి, పొడిగుడ్డతో సరిపెట్టాడు. కొండగట్టులో బండి పూజకు వెళ్ళి, సిందూరం బోనెట్‌కు వద్దు, నంబరు ప్లేటుకు పెట్టమని పూజారిని బతిమాలాడు. దిష్టి తగలొద్దని బంపరుకు నిమ్మకాయలు, గడపకు గుమ్మడికాయ, తన వేలికి జగిత్యాల జ్యోతిష్యుడు చెప్పిన నవరత్నాల ఉంగరం, గేటుకు నల్లతాడు, అన్నీ అయ్యాయి. కాకులు రెట్ట వేస్తాయని వాకిట్లో వేపకొమ్మలు నరికించాడు. సిరిసిల్లలో బామ్మర్ది పెళ్ళికి, దారిలో కంకర ఎగిరి తగులుతుందని, ఇంటిల్లిపాదినీ ఆర్టీసీ బస్సులో తీసుకెళ్ళాడు.

అయినా గీతలు పడుతూనే ఉన్నాయి. అంటే పగబట్టిన వాళ్ళున్నారు. ఎవరు?

పక్కింట్లోనే ఉంటుంది వదిన బుచ్చవ్వ. అన్న గంగారాం మస్కట్‌లో ఉన్నాడు. చిన్నప్పుడే తల్లి పోయిన భూమేశ్‌ను అన్నం కలిపి పెట్టి పెంచింది ఆమే. కారు ఇంటికొచ్చిన రోజు అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చి, "నా మరిది కారు కొన్నడు!" అని డోర్ మీద ప్రేమగా తట్టింది. చేతి గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడు అతను మరిచిపోలేదు.

ఒకరోజు పదిమంది ముందు అననే అన్నాడు.

"వదినె, నీ గాజులు తాకి నా బండి ఖరాబైతున్నది. తెల్వక చేస్తున్నవో, కండ్లు మండి చేస్తున్నవో!"

బుచ్చవ్వ అరుగు మీద కూర్చుని, రెండు చేతుల గాజులూ ఒక్కొక్కటే తీసి అతని గడప మీద పెట్టింది. మొగుడు నిక్షేపంగా ఉన్న ముత్తైదువ చేతులు బోసిపోయాయి. చూసిన ఆడవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"గీసినోళ్ళు దొరికిన్నాడే మళ్ళ తొడుక్కుంట భూమేశా," అని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అతని గడప తొక్కలేదు.

"పెంచిన చేతులను బోడగ చేస్తివి," అని భార్య అనూష ఏడ్చింది. "గా కోటింగేదో నీ మొకానికి ఏపిచ్చుకోరాదు? పోయిన నెల దుకాణం పని మీద ఊళ్ళె లేవు కదా, అప్పుడు ఒక్క గీతన్న పడ్డదా?"

"చూసి ఏడ్సేటోణ్ణి నేను లేకుంటే, గీకి ఆమెకేం ఫాయిద?"

అనూష నెత్తి కొట్టుకుంటూ లోపలికి పోయింది. అంత తెలివికి ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు?

గాజులు తీశాక కూడా గీత పడింది. అంటే వదిన ఈసారి మేకు పట్టిందన్నమాట. భూమేశ్ కారుకు ఎదురుగా కెమెరా పెట్టించాడు. ఇప్పుడు ఈ బోనెట్ గీత. నిన్న పొద్దుగూకే ముందు లేదు, ఇప్పుడుంది. దొంగ దొరికినట్టే.

కులపెద్ద బాలకిషన్‌ను పిలిచాడు. వాడకట్టును పిలిచాడు. వదినను కబురంపి మరీ పిలిపించాడు. ఫోన్‌ను పెద్ద టీవీకి కలిపాడు.

"నేను సుత ఇంకా చూడలే. వీడియో మార్చిండని తర్వాత నా మీద పెట్టొద్దు. అందరి ముందట్నే చూద్దాం," అన్నాడు ఠీవిగా.

బుచ్చవ్వ గుమ్మం బయటే నిలబడింది. బోసి చేతులు కొంగు చాటున దాచుకుంది.

టీవీలో తెల్లవారుతోంది. ఒక పిల్లి కారు కింద దూరి పోయింది. పక్కింటి తలుపు తెరుచుకుంది. అందరూ టీవీ దగ్గరికి జరిగారు. బుచ్చవ్వ బయటికొచ్చింది. తన వాకిలి ఊడ్చింది, సాన్పి చల్లింది. కారు వైపు ఒకసారి చూసి, దాని నీడ కూడా తగలకుండా గోడవారగా చుట్టూ తిరిగి నీళ్ళకు పోయింది. అనూష కళ్ళు తుడుచుకుంది.

"గిప్పుడే, గిప్పుడే," అన్నాడు భూమేశ్ ముందుకు ఒంగి.

కాసేపటికి ఎవరో కారు దగ్గరికి వచ్చారు. కెమెరాకు వీపు పెట్టి బోనెట్ మీదికి ఒంగారు.

"ఆపు! గా చెయ్యి జెర పెద్దగ చేసి చూపియ్," అన్నాడు బాలకిషన్.

భూమేశ్ ఆత్రంగా రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాడు.

మెత్తటి గుడ్డతో బోనెట్‌ను పసిపిల్ల ఒళ్ళులా తుడుస్తుంటే, గుడ్డ అంచు దాటి సన్నగా గీరుకుంటూ పోతున్నది, బండికి దిష్టి తగలొద్దని భూమేశ్ వేలికి పెట్టుకున్న నవరత్నాల ఉంగరం.