డీజిల్ వచ్చిన రోజు

"డీజిల్ వచ్చిండాదా?"

కారు అద్దం దించి బాలచంద్ర అడిగాడు. పెట్రోలు పంపు దగ్గర నిలబడ్డ లోకేశ్వరి తల అడ్డంగా ఊపింది.

"యాడ సార్! ఇంకా పర్మిషన్ రాలేదంట. రేపు రాండి."

"నిన్న కూడా అట్లే అన్నారు."

"మొన్న కూడా అన్నాను. మీరు రేపొస్తే రేపూ అంటాను."

బాలచంద్ర ఉసూరుమంటున్నట్టు మొహం పెట్టి కారు వెనక్కి తిప్పాడు.

రేణిగుంట దాటాక హైవే పక్కనున్న ఆ హోల్‌సేల్ దుకాణంలో సరుకు కొనాలన్నా, దాని ముందున్న బంకులో బండిలో పెట్రోలు పోయించుకోవాలన్నా మెంబరు కార్డు ఉండాలి. బయట బంకుల కంటే అక్కడ రేటు కాస్త తక్కువ. ఉన్నవి మూడు పంపులు. ఒకదాంట్లో మామూలు పెట్రోలు, ఒకదాంట్లో ప్రీమియం. మూడోది డీజిల్‌ది. బంకు కట్టిన నాటి నుంచీ దాని మెడలో 'స్టాకు లేదు' అన్న అట్ట వేలాడుతూనే ఉంది.

బాలచంద్రకు రేణిగుంట స్టేషను దగ్గర టిఫిను హోటలుంది. వయసు నలభై ఎనిమిది. భార్య పోయి అయిదేళ్ళయింది, పిల్లలు లేరు. పొద్దుటి రద్దీ తగ్గగానే గల్లాపెట్టెకు తాళం వేసి, తల దువ్వుకుని, డీజిల్ కోసం బయలుదేరేవాడు.

హోటల్లో దోసెలు పోసే మునస్వామికి ఇది అంతు పట్టలేదు.

"ఏమబ్బా, దోవలో నాలుగు బంకులుండాయి. అన్నిట్లో డీజిల్ ఉండాది. నువ్వు లేనిచోటికే పోతావేంది?"

"ఆడ రేటు తక్కువప్పా."

"లేని డీజిల్ ఏ రేటైతే ఏంది?"

బాలచంద్ర నెల రోజులు దాచుకున్నది ఆ పూట కక్కేశాడు.

అతని కారు అసలు పెట్రోలుది.

మొదటి రోజు అతను పెట్రోలుకే వెళ్ళాడు. "మామూలుదా సార్, ప్రీమియమా?" అని లోకేశ్వరి వంగి అడిగింది. ఎండకు ఆమె కళ్ళు చికిలించింది. ఆ చికిలించిన కళ్ళలోనే ఏదో నవ్వు. బాలచంద్ర నోట్లోంచి, ఎందుకో అతనికే తెలియదు, "డీజిల్" అన్న మాట జారింది. "డీజిల్ లేదు సార్, రేపు రాండి" అందామె. మరునాడు వెళ్ళాడు. ఆ తర్వాత ఇక మాట మార్చుకునే దారి లేకపోయింది. పాపం, పెట్రోలేమో వేరే బంకులో ఎక్కువ రేటుకు పోయించుకుంటున్నాడు.

మునస్వామి అట్లకాడ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"అది సరే, నిన్నేమని పిలుస్తాది? అన్నా అంటాదా?"

"లే. సార్ అంటాది."

"అయితే ఇంకా దోవ ఉండాది. ఆ డీజిల్ రాకూడదని కొండకు మొక్కుకో."

బాలచంద్ర నిజంగానే మొక్కుకున్నాడు. డీజిల్ వస్తే అడగడానికి ఏం మిగులుతుంది? ఈ కొద్దిపాటి మాటల్లోనే ఆమె భర్త ఎనిమిదేళ్ళ కిందట పోయాడనీ, కూతురు గూడూరులో నర్సింగు చదువుతోందనీ తెలిసింది. ఒకరోజు వడల పొట్లం తీసుకెళితే, "డీజిల్‌కు లంచమా సార్?" అంది. పొట్లం మాత్రం తీసుకుంది.

నలభయ్యో రోజో, ఆ మరునాడో, బాలచంద్ర బంకులోకి తిరగగానే బ్రేకు తొక్కాడు. మూడో పంపుకు కొత్త అట్ట కట్టి ఉంది. 'డీజిల్ కలదు.'

పక్కనే లోకేశ్వరి పైపు చేత పట్టుకుని నిలబడి ఉంది.

"మీ అదృష్టం సార్! బోణీ మీదే. ఫుల్ చేసేదా?"

"వద్దొద్దు... రొండు లీటర్లు చాలు."

"ఇన్ని దినాలు తిరిగింది రొండు లీటర్లకా? దిగండి సార్."

అతను దిగాడు. ఆ ట్యాంకులో డీజిల్ పడితే ఇంజను విప్పించాల్సిందే. రేపు తెల్లారితే కరకంబాడిలో పెళ్ళివారికి అయిదు వందల ఇడ్లీలు ఈ కారులోనే పోవాలి. వద్దంటేనో, ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధం బయటపడుతుంది. ఆమె ట్యాంకు మూత తిప్పింది. పైపు లోపలికి దించింది.

"మీటరు సున్నా సూసుకోండి సార్."

ఆమె వేలు మీటను తాకింది.

"ఆపండి!" అని బాలచంద్ర అరిచాడు. "ఇది పెట్రోలు బండి!"

లోకేశ్వరి నవ్వలేదు.

"మరి ఇన్ని దినాలూ దేనికొచ్చినారు?"

అతను ట్యాంకు మూతను చూశాడు, ఎండను చూశాడు, చివరికి ఆమెను చూశాడు.

"మీతో రొండు మాటలు మాట్లాడదామని. మీకిష్టం లేకుంటే చెప్పండి. రేపట్నించి ఈ పక్కకే రాను."

ఆమె పైపు బయటికి తీసి, మూత బిగించింది.

"ఆదివారం మా పాప వస్తా ఉండాది. మీ గురించి చెప్పినాను. ఇంటికొచ్చి ఆ మాటలేవో ఆయమ్మి ముందరే మాట్లాడండి."

బాలచంద్ర ఆ సంతోషంలో ఏదో ఒకటి అనాలని, "ఇంక డీజిల్ బండ్లన్నీ ఈడికే వస్తాయి. మీకు పని ఎక్కువవుతాది" అన్నాడు.

లోకేశ్వరి పంపుకు కట్టిన కొత్త అట్టను విప్పి, రెండుగా మడిచి, అతని చేతిలో పెట్టింది.

"డీజిల్ ఇంకా రాలేదు."